పాటను దిద్దకు, అమ్మలూ

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి చిన్నప్పటి పాటలు, పద్యాలు సేకరించి పుస్తకం వేస్తావని, ఆదివారాలు మీ అపార్ట్‌మెంటు పిల్లలను పోగుచేసి వాటిని నేర్పుతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాని గొంతులో సగం గర్వం, సగం దిగులు వినిపించాయి. నాకూ అంతే. గర్వం సంగతి నీకు వేరే చెప్పనక్కరలేదు. దిగులు ఎందుకంటే, ఈ పని మన ఇంట్లో ఇదివరకే ఒకసారి మొదలై చెడిపోయింది. అది ఎలా చెడిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు కనుక నేను రాస్తున్నాను.

ముందు చిన్న విషయాలు. ఎవరి దగ్గర ఏ పాట విన్నావో వాళ్ళ పేరు, ఊరు, వయసు ఆ పూటే రాసుకో. భీమిలి రోడ్డు మీద స్కూటరు నెమ్మదిగా నడుపు, చీకటి పడకముందే ఇల్లు చేరు. పోటీలు, బహుమతులు పెట్టకు. కవులు రాసిన గేయాలు వేసేటప్పుడు హక్కుల సంగతి చూసుకో: మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళు రచన మీద హక్కు వారసులది. గురజాడ 1915లో పోయారు కనుక ‘దేశమును ప్రేమించుమన్నా’ను నిశ్చింతగా వేసుకోవచ్చు. శ్రీశ్రీ మన ఊళ్ళోనే పుట్టినా 1983లో పోయారు కనుక ‘శైశవగీతి’ వేయాలంటే 2043 చివరి దాకా అనుమతి అడగవలసిందే. సుమతి శతకంలో ఆడవాళ్ళను కించపరిచే పద్యాలు కొన్ని ఉన్నాయి. అవి పిల్లలకు చెప్పాలన్న నియమం ఏమీ లేదు, వదిలెయ్యి. వదిలెయ్యమన్నాను గాని, నీకు నచ్చేటట్టు మార్చి చెప్పమనలేదు.

పెద్దవాళ్ళను అడగడంలో ఒక పద్ధతి ఉంది. ఎదురుగా ఫోను పెట్టి ‘మీకు వచ్చిన పాటలు చెప్పండి’ అంటే ఎంతటి జ్ఞాపకశక్తి ఉన్నవాళ్ళైనా రెండు పాదాలు చెప్పి ఆగిపోతారు. ఆ పాటలు వాళ్ళు ఏనాడూ ఊరికే కూర్చుని చెప్పినవి కావు, ఏదో ఒకటి చేస్తూ పాడినవి. ‘కాళ్ళా గజ్జా’ కావాలంటే నలుగురు పిల్లలను కాళ్ళు చాపించి వరుసగా కూర్చోబెట్టి, ఆవిడ చేతిని మొదటి మోకాలి మీద పెట్టు. వేగుచుక్క, వెలగ మొగ్గ, మోదుగ నీడ, నిమ్మల బావి, బచ్చలికూర ఒకదాని వెంట ఒకటి వాటంతటవే వస్తాయి, చివరి మాట ఎవరి కాలి మీద పడితే ఆ కాలు ముడుచుకోవాలని కూడా ఆవిడే గద్దించి చెబుతుంది. చెమ్మచెక్కకు ఎదుట ఇంకో జత అరచేతులు కావాలి. జోలపాటకు ఒళ్ళో పసిపిల్ల కావాలి. ఒప్పులకుప్పకు చేతులు పట్టుకుని గిర్రున తిరగాలి గాని, ఆ వయసులో వాళ్ళను తిప్పకు, చేతులు పట్టుకుంటే చాలు. వెళ్ళేటప్పుడు ఎవరో ఒక చిన్నపిల్లను వెంట తీసుకువెళ్ళు. ఆట తీరు కూడా పాట పక్కనే రాసిపెట్టు, లేకపోతే చదివేవాళ్ళకు అది అర్థంలేని మాటల మూటగా కనిపిస్తుంది. అలా కనిపించబట్టే ‘కాళ్ళా గజ్జా’ చర్మవ్యాధికి పూర్వులు రాసిన మందుల చీటీ అంటూ వాట్సాప్‌లో పెద్ద పెద్ద వ్యాసాలు తిరుగుతున్నాయి. నీ పుస్తకంలో అలాంటి వ్యాఖ్యానం కనిపించిందంటే నేను ఊరుకోను.

ఇక అసలు సంగతి. మీ పెదనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసిన రోజుల్లో, వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, క్యాసెట్ రికార్డరు, నోటు పుస్తకం సంచీలో వేసుకుని ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఊళ్ళు తిరిగేవారు. మగవాడి ముందు జోల పాడడానికి ఆడవాళ్ళు సిగ్గుపడతారని నన్నూ తీసుకువెళ్ళేవారు. భీమిలి దగ్గర ఒక పల్లెలో, ఆరబెట్టిన వలల పక్కన, ఒక ముసలమ్మ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని చందమామను పిలిచింది. మనం నేర్చుకున్న పాటలో జాబిల్లి కొండెక్కి వచ్చి గోగుపూలు తెస్తుంది. ఆమె పాటలో తెప్ప ఎక్కి వచ్చి నెత్తళ్ళు, అదే చిన్న చేపలు, తెచ్చింది. ఆ తరువాత కూడా చాలాసేపు పాడింది, సముద్రం మాటలు, పడవ మాటలు ఎన్నో వచ్చాయి. నాకు ఇప్పుడు తెప్ప, నెత్తళ్ళు తప్ప ఒక్కటీ గుర్తు లేదు.

ఇంటికి వచ్చాక ఆయన క్యాసెట్ వింటూ పాటంతా రాసుకున్నారు. ఆ వెంటనే ఎర్ర సిరా కలం తీసి తెప్పను కొట్టేసి కొండ అని రాశారు, నెత్తళ్ళను కొట్టేసి గోగుపూలు అని రాశారు. ‘ఆవిడ అలా పాడలేదు కదండీ’ అన్నాను. ‘మరిచిపోయి ఏదో కల్పించుకుంది పాపం, అసలు పాఠం ఇది’ అన్నారు. క్యాసెట్లు ఖరీదైన రోజులు కనుక, రాసుకోవడం అయిపోయాక అదే టేపు మీద మరో ఊరి పాటలు ఎక్కించేవారు. ఆ విధంగా ఎన్ని ఊళ్ళు తిరిగినా ప్రతి ఊరి పాటా ఒకే పాటగా తయారయింది.

వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన బ్రౌను దొర అంతకు ముందు ఎన్ని రాతప్రతులు సేకరించాడో తరగతిలో కళ్ళకు కట్టినట్టు చెప్పే మనిషి ఆయన. అటువంటి మనిషి ఈ పని ఎందుకు చేశారా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఒక కారణం ఆయన చదువు. వేమన ఆటవెలదిలోనో, సుమతి కందంలోనో ఎవరైనా ఒక మాట మార్చి చదివితే గణమో యతో చెడుతుంది, పండితుడి చెవి ఠక్కున పట్టేస్తుంది, దిద్దడం అతనికి అలవాటైపోతుంది. ఆటపాటలకు అటువంటి తూకం లేదు. తెప్ప అన్నా కొండ అన్నా నడక ఒకటే. ఇంకో కారణం మా అత్తగారు. ఆయన చిన్నపిల్లవాడిగా ఉండగానే ఆమె పోయారు. ఆమె గొంతులో ఆయనకు మిగిలినవి ఆ కొండ, ఆ గోగుపూలు మాత్రమే. ఊరూరా తిరిగి ఆయన వెతికింది వాళ్ళమ్మ పాటను. ఎక్కడా దొరకక తానే రాసుకున్నారు. అందుకే నాకు ఆయన మీద పూర్తిగా కోపం రాదు.

కొన్నేళ్ళకు జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి మన ఇంటికి వచ్చి, పుస్తకాలు తిరగేసి, ‘ఇవన్నీ అచ్చయినవే కదండీ మాస్టారూ’ అని మర్యాదగా సెలవు తీసుకున్నాడు. ఆ రాత్రి ఆయన కంచం ముందు నుంచి తినకుండానే లేచారు. తరువాతి వేసవిలో ఆ పల్లెకు మళ్ళీ వెళ్ళాం. ముసలమ్మ లేదు. కోడలిని అడిగితే సినిమా పాటలైతే వచ్చునంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే నీకూ అదే బెంగ ఉంది, నాకు తెలుసు. చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ నేను ‘చిట్టి చిలకమ్మా’ పాడితే, గూట్లో పెట్టిన పండు గుటుక్కుమనే దాకా నువ్వు నోరు తెరిచేదానివి కాదు. రేపు ఎవరైనా ఆ పాట ఇంకోలా పాడితే నీ చెవికి అది తప్పుగానే వినిపిస్తుంది. అప్పుడు కలం కింద పెట్టెయ్యి. ఒక పాటకు మూడు పాఠాలు దొరికితే మూడూ వెయ్యి, నీకు తెలిసినదాన్ని మొదట వేయకు. ‘గజ్జె’ అన్నవాళ్ళదీ ‘గజ్జి’ అన్నవాళ్ళదీ పక్కపక్కనే ఉండనీ. మీ అపార్ట్‌మెంటు పిల్లలు కూడా ఊరుకోరు, మా ఊరొచ్చిన ఏనుగును లిఫ్టు ఎక్కించి మూడో అంతస్తుకు తీసుకుపోతారు. తీసుకుపోనీ. ‘అలా కాదు’ అని ఒక్కసారి గద్దించావంటే మళ్ళీ ఆదివారానికి ఆ పాట పాడరు.

నన్ను నిద్రపోనివ్వని విషయం ఇంకొకటి ఉంది. ఈ ఊరి గాలికి ఏదీ నిలవదు. మీ పెదనాన్నగారి క్యాసెట్లలో మిగిలిన కొద్దిపాటివి ఉప్పుగాలికి టేపు మీద తెల్లగా బూజు పట్టి, రికార్డరులో వేస్తే కీచుమంటూ ఆగిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీ అద్దాలు పగలగొట్టినప్పుడు అలమరలోకి వాన కొట్టి నోటు పుస్తకాలు చాలావరకు ముద్దయిపోయాయి. ఫోనులో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. విన్న రోజే ఇంకో రెండు చోట్ల దాచు, అందులో ఒకటి ఈ ఊరికి దూరంగా, హైదరాబాదులో మీ అన్నయ్య దగ్గర ఉండాలి. నవ్వుకుంటే నవ్వుకో, కానీ చెయ్యి.

భీమిలి, ఆనందపురం తరువాత చూసుకుందువు గాని, ముందు మీ అమ్మమ్మ దగ్గరకు వెళ్ళు. తొంభై దాటిన మనిషి. మధ్యాహ్నం భోజనం కాగానే పడుకుంటుంది కనుక ఉదయమే వెళ్ళు, చెవి మిషను పెట్టుకోమను, పక్కింటి పాపను వెంట తీసుకువెళ్ళు. మా అమ్మ పాడిన పాటలు నాకు వచ్చుననే అనుకుంటున్నాను గాని, నా నోట అవి ఎంత మారాయో నాకేం తెలుసు? అందుకని నన్ను అడిగి రాసుకోకు.

వానకు తడవకుండా బయటపడిన నోటు పుస్తకాలు రెండు వచ్చే ఆదివారం డ్రైవరు చేత పంపిస్తున్నాను. ఎర్ర గీతలు కొన్నిచోట్ల పలచగానే ఉన్నాయి, పగటి వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే కింద నీలి సిరా మాటలు కనిపిస్తాయి. భీమిలి పాట రెండో పుస్తకంలో చివరి పేజీల్లో ఉండాలి. నా కళ్ళకు ఆనడం లేదు. గీత కింద ఏముంటే అది రాసుకో, పైన ఉన్నదాన్ని కూడా రాసి, అది మీ పెదనాన్నగారి పాఠమని ఆయన పేరు పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ