రెండు రోజులు హాయిగా సరిపోతాయి

జనవరిలో మీరిద్దరూ నెల్లూరు నుంచి కారులో బయల్దేరి నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు రెండూ చూడగలరా, మధ్యాహ్నాలు ఏం చేయాలి అని అడిగారు. తప్పకుండా చూడవచ్చు, టెన్షన్ వద్దు. అక్టోబరు నుంచి మార్చి వరకు పక్షుల కాలమే.

మొదటి రోజు పొద్దున బయల్దేరి నాయుడుపేట దగ్గర వెంకటగిరి వైపు తిరగండి. మధ్యాహ్నం అక్కడ మగ్గాల మీద జాందానీ చీర, అంటే నేతలోనే పువ్వులు తీర్చే చీర, నేయడం చూడండి. ఒక్కో పువ్వునూ చేత్తో ఎక్కిస్తుంటే చూస్తూ ఉండిపోతాం.

తిరిగి హైవే ఎక్కి, సాయంత్రం నాలుగుకల్లా దొరవారిసత్రం పక్కనున్న నేలపట్టు చేరండి. చెరువు మధ్య చెట్ల మీద గూళ్లకు గూడబాతులు (పెలికాన్లు) తిరిగొచ్చే వేళ అది. హారన్ కొట్టకండి, పిల్లలతో ఉంటాయి.

రాత్రికి సూళ్లూరుపేటలో ఉండి, తెల్లవారగానే శ్రీహరికోట రోడ్డు పట్టండి. రోడ్డు పులికాట్ మధ్యలోంచే వెళ్తుంది. లోతు తక్కువ నీళ్లలో ఫ్లెమింగోలు మేస్తుంటాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, ఫొటో కోసం బురదలోకి మాత్రం దిగకండి, కాళ్లు కూరుకుపోతాయి. షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) లోపలికి ముందస్తు అనుమతి లేనిదే పంపరు, కాబట్టి చెక్‌పోస్టు ముందే వెనక్కి తిరగండి.