మానిటర్ డెడ్ అనేముందు అది ఏం చెప్తోందో చూడు

ఒరేయ్ చిన్నోడా,

నీ మెసేజ్ చూశా, ఫోటోలూ చూశా. ఆర్కేడ్ మానిటర్ (కాయిన్ వేసి ఆడే గేమ్ మెషిన్‌లోని పాత పిక్చర్ ట్యూబ్ తెర) డెడ్ అయింది బాబాయ్, క్యాప్ కిట్ (మార్చడానికి కొత్త కండెన్సర్ల సెట్) ఆర్డర్ పెట్టేశా, ఫ్లైబ్యాక్ (హై వోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) కూడా వెతుకుతున్నా అని రాశావ్ గానీ డెడ్ అంటే ఎలా డెడ్ అన్నది ఒక్క ముక్క రాయలేదు. ఫ్యూజ్ పోయిందా, ట్యూబ్ మెడలో ఎర్రగా వెలుగుతోందా, ఆన్ చెయ్యగానే ఒకసారి టిక్‌మని ఆగిపోతోందా, ఇవేవీ చూడకుండా పార్టులు కొనడం ఏంట్రా. ఈ పాత ఛాసిస్‌లకి (మానిటర్‌ని నడిపే బోర్డులకి) ఫ్లైబ్యాక్ దొరకడమే కష్టం, దొరికిన ఒక్కదాన్ని తెలీని ఫాల్ట్ మీద పెట్టి కాల్చేసుకుంటే ఇంకోటి ఎక్కడ్నుంచి తెస్తావ్.

ముందు ప్రాణం సంగతి. ప్లగ్ పీకేశాం కదా అని చెయ్యి పెట్టేయకు. 19 ఇంచుల కలర్ ట్యూబ్‌కి యానోడ్ (ట్యూబ్ మీద రబ్బరు కప్పు కింద ఉండే హై వోల్టేజీ పాయింట్) దగ్గర 20 వేల వోల్టుల పైనే ఉంటుంది, ట్యూబ్ గాజు లోపలి పూతా బయటి నల్ల పూతా కలిసి ఒక కెపాసిటర్ (అదే కండెన్సర్, ఛార్జ్ దాచుకునేది) కాబట్టి ఆ ఛార్జ్ ఆపేశాక కూడా రోజుల తరబడి ఉండిపోవచ్చు. ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగాటి మైనస్ స్క్రూడ్రైవర్ తీసుకుని దాని ఇనుప కడ్డీకి ఒక క్లిప్ వైర్ పెట్టి, రెండో కొసని ట్యూబ్ వెనకాల నల్ల పూత మీదుగా బిగించి ఉండే అల్లిన గ్రౌండ్ వైర్‌కి తగిలించు, బోర్డు మీద గ్రౌండ్‌కి కాదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని రెండో చేత్తో ఆ స్క్రూడ్రైవర్‌ని యానోడ్ రబ్బరు కప్పు కిందకి మెల్లగా తోసి లోపలి క్లిప్‌కి తగిలించాలి. టప్‌మంటుంది, ఒక్కోసారి ఏ శబ్దమూ రాదు, రాలేదని నమ్మేయకు. ఐదు పది నిమిషాలు ఆగి మళ్ళీ చెయ్యి, గాజులో మిగిలిన ఛార్జ్ మెల్లగా మళ్ళీ పైకొస్తుంది. నిజం చెప్పాలంటే షాక్ ఎంత భయమో ఉలిక్కిపడటం కూడా నాకు అంతే భయం, చెయ్యి విసురుగా లాగితే మెడకి తగులుతుంది, అక్కడ గాజు పల్చగా ఉంటుంది, చిట్లితే లోపలికి గాలి పోయి ట్యూబ్ ఇక పనికిరాదు. కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యి.

ఇంకో సంగతి, బోర్డు మీద ఉండే పెద్ద మెయిన్ కండెన్సర్. 120 వోల్టుల ఏసీ మీద నడిచే వాటిలో అందులో 170 వోల్టుల దాకా డీసీ నిలబడి ఉంటుంది, యానోడ్ డిశ్చార్జ్ చేస్తే ఇది పోదు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యకు, బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు తీసి దాని గుండా దించేయ్, తర్వాత మీటర్ పెట్టి సున్నా చూసుకో.

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌కీ మానిటర్‌కీ మధ్య నేరుగా కనెక్షన్ లేకుండా చేసేది) గురించి తెలీక ఛాసిస్‌లు తగలబెట్టుకునేవాళ్ళు చాలామంది. ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్-గార్డ్నర్ కే7000 లాంటి మానిటర్ మోడళ్ళలో మెయిన్స్ నేరుగా బ్రిడ్జ్‌కి (ఏసీని డీసీగా మార్చే డయోడ్లకి) వెళ్తుంది, అంటే ఛాసిస్ గ్రౌండే కరెంటు మీద ఉంటుంది. క్యాబినెట్‌లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, నువ్వు మానిటర్ బయటికి తీసి బల్ల మీద పెట్టి నేరుగా ప్లగ్ పెట్టినప్పుడే పేలుతుంది. 220ని 110కి దించే స్టెప్ డౌన్ ఉంది కదా చాలు అనుకోకు, వాటిల్లో ఎక్కువ ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే, వోల్టేజీ దిగుతుంది గానీ ఐసోలేషన్ ఉండదు. మీటర్‌తో ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కంటిన్యుటీ చూడు, బీప్ కొడితే దాన్ని పక్కన పెట్టేయ్.

సరే, ఇప్పుడు అసలు పని. ఏదైనా విప్పేముందు గేమ్ బోర్డు బాగుందో లేదో తేల్చుకో. గేమ్ సౌండ్ వస్తోందా, కాయిన్ వేస్తే స్పందిస్తోందా. ఈ మానిటర్లలో చాలావరకు 15 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి దాదాపు 15 వేల అడ్డగీతలు గీస్తూ, నడుస్తాయి, దానికి 24 కిలోహెర్ట్జ్ గేమో, 31 ఇచ్చే పీసీ సిగ్నలో పెడితే బొమ్మ ముక్కలై కనపడుతుంది, అది మానిటర్ తప్పు కాదు, పైగా అలా ఎక్కువసేపు నడిపితే లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కి (ఫ్లైబ్యాక్‌ని నడిపే పెద్ద ట్రాన్సిస్టర్‌కి) ముప్పు. ఒక రంగు రాకపోతే ఇంకా సులువు, ఎరుపు రావట్లేదనుకో, ఛాసిస్ ఇన్‌పుట్ దగ్గర ఎరుపు వైరూ పచ్చ వైరూ అటుదిటు ఇటుదటు మార్చు. ఇప్పుడు పచ్చ పోయి ఎరుపు వచ్చిందంటే తప్పు గేమ్ వైపో వైరింగ్‌లోనో ఉంది, ఇంకా ఎరుపే రావట్లేదంటే ఛాసిస్‌లోనో నెక్ బోర్డులోనో (ట్యూబ్ మెడకి తొడిగే చిన్న బోర్డు) ట్యూబ్‌లోనో ఉంది. పైసా ఖర్చు లేని టెస్ట్ ఇది, ఎందుకో ఎవరూ చెయ్యరు.

ఆ తర్వాత గది చీకటి చేసి మెడ వైపు చూడు. హీటర్ (మెడ లోపల వేడెక్కే తీగ) ఎర్రగా వెలిగితే చాలా ఛాసిస్‌లలో ఫ్లైబ్యాక్ నడుస్తున్నట్టే, ఎందుకంటే హీటర్‌కి సప్లై దాన్నుంచే వస్తుంది. స్క్రీన్ దగ్గర చేతి వెంట్రుకలు లేస్తే హై వోల్టేజీ కూడా ఉంది. ఆ సన్నటి కీచు కూడా వినపడుతుంది నీకు, నా చెవులకి అది ఎప్పుడో ఆగిపోయింది. ఈ మూడూ ఉంటే ఫ్లైబ్యాక్ జోలికే వెళ్ళకు.

స్క్రీన్ మధ్యలో అడ్డంగా ఒక్క గీత మాత్రమే వస్తుంటే వర్టికల్ సెక్షన్ (బొమ్మని పైకీ కిందకీ పరిచే భాగం) పోయింది. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించేయ్, లేకపోతే ఆ గీత ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) మీద శాశ్వతంగా మచ్చ పడిపోతుంది. యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్) కనెక్టర్ దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు), వర్టికల్ ఐసీ, దాని సప్లైలో ఉండే ఫ్యూజబుల్ రెసిస్టర్, ఈ వరసలో చూడు. కే7000లో ఆ ఐసీ ఎల్ఏ7830. పైభాగం మడత పడినట్టు వచ్చినా, బొమ్మ ఎత్తు తగ్గినా ఆ ఏరియాలో చిన్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఎండిపోయాయని అర్థం, క్యాప్ కిట్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. నిలువుగా ఒక్క గీత అయితే హారిజాంటల్ యోక్ వైపు ఎక్కడో తెగింది. బొమ్మ పక్కలు అలల్లా ఊగుతూ పైకో కిందకో జరిగితే మెయిన్ కండెన్సర్. స్క్రీన్ నిండా ఒకే రంగు, దాని మీద వాలు గీతలు వస్తే నెక్ బోర్డు మీద ఆ రంగు ట్రాన్సిస్టర్ షార్ట్, లేదా ట్యూబ్‌లోనే హీటర్-క్యాథోడ్ షార్ట్.

ఇక ఫ్యూజ్ పోయిన కేసు. నీది ఇదే అయ్యుంటుందని నా అనుమానం. మళ్ళీ ఫ్యూజ్ వేసి చూద్దాం అని మాత్రం చెయ్యకు, పెద్ద ఫ్యూజ్ అసలే వద్దు. బ్రిడ్జ్ డయోడ్లు చూడు, తర్వాత లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య రెండు వైపులా మీటర్ పెట్టు. రెండు వైపులా సున్నా దగ్గర చూపిస్తే బోర్డు నుంచి తీసి మళ్ళీ కొలువు, అక్కడా అంతే అయితే షార్ట్. కొన్నింటిలో డ్యాంపర్ డయోడ్ లోపలే ఉంటుంది, అలాంటివి ఒక వైపు డయోడ్‌లా చూపిస్తాయి, బేస్-ఎమిటర్ మధ్య కొన్ని పదుల ఓమ్స్ వస్తాయి, అది చూసి పోయిందనుకుని బాగున్నదాన్ని పారేయకు.

షార్ట్ అయింది అనుకో, అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది, ఎందుకు పోయింది? ఆ ట్రాన్సిస్టర్ దానంతటది పోవడం తక్కువ. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళ దగ్గర డ్రై సోల్డర్, రిట్రేస్ కండెన్సర్ విలువ తగ్గిపోవడం, సప్లై రెగ్యులేటర్ షార్టై బీ ప్లస్ (ఛాసిస్‌కి వెళ్ళే మెయిన్ డీసీ వోల్టేజీ) పెరిగిపోవడం, ఫ్లైబ్యాక్ లోపల చుట్లు షార్ట్ అవ్వడం, వీటిల్లో ఏదో ఒకటి దాన్ని చంపి ఉంటుంది. కారణం వదిలేసి కొత్తది బిగించి ఆన్ చేస్తే అది కూడా సెకన్లలో పోతుంది. అందుకే ట్రాన్సిస్టర్ తీసేసి ఉంచి, బీ ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 60 వాట్ల బల్బు లోడ్‌గా పెట్టి వోల్టేజీ కొలువు. ఈ ఛాసిస్‌లలో బీ ప్లస్ సాధారణంగా 110 నుంచి 140 మధ్య ఎక్కడో ఉంటుంది, నీ మోడల్‌కి ఎంత అన్నది సర్వీస్ మాన్యువల్లో చూడు, ఆ అంకె దగ్గర నిలకడగా ఉంటే సప్లై బాగున్నట్టు. 160 దగ్గర చూపిస్తే రెగ్యులేటరే దోషి.

అప్పుడు ఇన్‌పుట్‌లో సిరీస్ బల్బు పెట్టి, 100 వాట్లది ఫిలమెంట్ బల్బు, ఎల్ఈడీ పనికిరాదు, డీగాస్ కాయిల్ (ట్యూబ్ మీద అయస్కాంత మచ్చలు పోగొట్టే కాయిల్) కనెక్టర్ పీకేసి ఆన్ చెయ్యి. బల్బు ఒకసారి గట్టిగా వెలిగి మసకబారితే మంచిదే. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే ఇంకా ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయ్. నడుస్తున్నప్పుడు మాత్రం ఆ ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద మీటర్ పెట్టకు, మామూలు స్కోప్ ప్రోబ్ కూడా వద్దు, అక్కడ వెయ్యి వోల్టుల దాకా పల్సులు ఉంటాయి. కొత్త ట్రాన్సిస్టర్ బిగించేటప్పుడు మైకా వాషర్ మర్చిపోకు, బిగించాక హీట్‌సింక్‌కి షార్ట్ లేదని మీటర్‌తో చూసుకో.

రిట్రేస్ కండెన్సర్ దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. 1600 వోల్టులో అంతకు పైనో రాసి ఉండే చిన్న ఫిల్మ్ కండెన్సర్ అది. దాని విలువ ఎంత ఉంటే అంతే వెయ్యాలి, దగ్గర్లో ఉన్నది ఏదోటి వేద్దాం అంటే కుదరదు, విలువ తగ్గితే హై వోల్టేజీ పెరిగిపోతుంది, మరీ పెరిగితే ట్యూబ్ నుంచి ఎక్స్-రేలు ఎక్కువవుతాయి. టిక్‌మని ఆగిపోయే మానిటర్ చాలాసార్లు ఇందుకే ఆగుతుంది, ప్రొటెక్షన్ సర్క్యూట్ తన పని తను చేస్తోందన్నమాట. దాన్ని బైపాస్ చేస్తే బొమ్మ వస్తుంది కదా అని ఎవడైనా సలహా ఇస్తే వినకు. బొమ్మ వెడల్పు కోసం బీ ప్లస్ పెంచడం కూడా ఆ బాపతు పనే.

క్యాప్ కిట్ వద్దనట్లేదు, మానిటర్ నడిచాక వెయ్యి. నడవని దాంట్లో ఒకేసారి ఇరవై ముప్పై మార్చి ఒకటి తిరగేసి పెట్టావనుకో, పాత ఫాల్ట్ ఏదో నువ్వు చేసిన ఫాల్ట్ ఏదో ఎవడికీ తెలీదు. 105 డిగ్రీల వేడి తట్టుకునేవి వాడు, ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెట్టు, పోలారిటీ లేనివి ఒకటో రెండో ఉంటాయి, వాటి చోట మామూలువి వెయ్యకు. ఆ చేత్తోనే ఫ్లైబ్యాక్ కాళ్ళు, యోక్ కనెక్టర్, నెక్ బోర్డు సాకెట్, వేడెక్కే పెద్ద రెసిస్టర్లు, అన్నీ మళ్ళీ సోల్డర్ చేసేయ్. కాలు చుట్టూ సన్నటి రింగు పగులు లెన్స్ కింద పెడితే గానీ కనపడదు. సగం రిపేర్లు నా లెక్కలో అక్కడే తేలిపోతాయి.

బొమ్మ వచ్చాక మసకగా ఉంటే ఫ్లైబ్యాక్ మీద పైన ఉండే ఫోకస్ నాబ్ కొంచెం తిప్పు, కిందది స్క్రీన్, దాన్ని ఎక్కువ పెంచితే రిట్రేస్ గీతలు (తెర మీద సన్నటి వాలు గీతలు) వస్తాయి. కొన్ని మోడల్స్‌లో తారుమారుగా ఉంటాయి, రాసి ఉంటుంది చూస్కో. మూలల్లో ఊదా మచ్చలు ఉంటే డీగాస్ చెయ్యి, స్పీకర్ అయస్కాంతం పక్కన లేదని చూడు. పాత గేమ్ నీడ ట్యూబ్ మీద కాలిపోయి ఉంటే మాత్రం దానికి మందు లేదు.

ఈ ఆదివారం పగటి పూట, పక్కన ఒక మనిషిని ఉంచుకుని మొదలుపెట్టు. ఛాసిస్ మీద రాసి ఉన్న మోడల్ నంబరు, ఫ్యూజ్ సంగతి, ట్రాన్సిస్టర్ రీడింగు, బల్బు లోడ్ మీద బీ ప్లస్ ఎంత వచ్చిందో, ఈ నాలుగూ రాసి పంపు. నెక్ బోర్డు లాగేటప్పుడు అటూ ఇటూ ఊపకు, నిటారుగా వెనక్కి లాగాలి.

మీ బాబాయ్