ప్రకటనల లెక్కలో 160, పంపినవి 110: ఈ తేడా తేలకుండా అప్పు వద్దు

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం ఉద్యోగం మానేసి, చేతిసంచులు కుట్టి సొంత వెబ్‌సైటులో అమ్ముతున్నాను. ఇద్దరు పిల్లలు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. మొదట్లో నెలకు 3,000 సందర్శనలు, 80 ఆర్డర్లు ఉండేవి. రెండు చోట్ల ప్రకటనలు ఇవ్వడం మొదలుపెట్టాక సందర్శనలు 11,000కు, ఆర్డర్లు 110కి చేరాయి. ప్రకటనలకు నెలకు 40 సంచుల ధర ఖర్చవుతోంది. తన వల్ల 95 ఆర్డర్లు వచ్చాయని ఒక ప్రకటనల సంస్థ డ్యాష్‌బోర్డు (లెక్కలు చూపించే పేజీ), 65 వచ్చాయని రెండోదాని డ్యాష్‌బోర్డు చూపిస్తున్నాయి. అంటే పెట్టినదానికి నాలుగు రెట్ల అమ్మకం. ప్రకటనలు కాక మిగతా ఖర్చులన్నీ పోగా సంచి ధరలో మూడో వంతు మిగులుతుంది. ప్రకటనల కోసం మూడు క్రెడిట్ కార్డులు వాడాను, దాచుకున్న డబ్బూ అయిపోయింది. వ్యక్తిగత రుణం తీసుకుని కార్డుల బాకీ తీర్చి, మిగతా సొమ్ముతో ప్రకటనలు రెట్టింపు చేయవచ్చా?

జవాబు: వద్దు. మీరు అడిగిన ఆ రెండో పని, అంటే అప్పు సొమ్ముతో ప్రకటనలు పెంచడం, ఏ పరిస్థితిలోనూ వద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నది ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు కాబట్టి. డ్యాష్‌బోర్డులో గీత పైకి పోతుంటే అదే ఆదాయమని నమ్మి, ఆ నమ్మకాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నవారిని నేను తరచుగా చూస్తున్నాను.

మీరు రాసిన అంకెలనే పక్కపక్కన పెట్టండి. 95, 65 కలిపితే 160. మీరు కట్టి పంపినవి 110. మిగిలిన 50 ఆర్డర్లు ఎవరివి? ఎవరివీ కావు. ఒకే మనిషి ఉదయం ఒక చోట, సాయంత్రం మరో చోట ప్రకటన నొక్కి ఒక సంచి కొంటే, ఆ రెండు చోట్లవారూ ఆ అమ్మకాన్ని తమ ఖాతాలోనే రాసుకుంటారు. ఉదాహరణకు ఫేస్‌బుక్ ప్రకటనల్లో మామూలుగా ఉండే అమరిక ప్రకారం, ప్రకటన నొక్కిన 7 రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా ఊరికే చూసి ఒక రోజులోపు కొన్నా ఆ అమ్మకం ప్రకటన వల్ల వచ్చినట్టే. ఎలాగూ మీ దగ్గరే కొనబోతున్న పాత ఖాతాదారు దారిలో ప్రకటన చూసినా ఆ పేరు ప్రకటనకే దక్కుతుంది. పైగా 2021 ఏప్రిల్ నుంచి ఐఫోన్లలో ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మన కదలికలను గమనించాలంటే ముందు అనుమతి అడగాలి. చాలామంది ఒప్పుకోరు. అందుకని ఆ అంకెల్లో కొంత భాగం కొలత కాదు, అంచనా.

మీకు కావలసిన లెక్క ఒక్క తీసివేత. ప్రకటనలకు ముందు 80, ఇప్పుడు 110, పెరిగినవి 30. మూడో వంతు మిగులు కాబట్టి ఆ 30 వల్ల మీ చేతికి వచ్చేది 10 సంచుల ధర. ప్రకటనలకు పోయేది 40 సంచుల ధర. నెలనెలా 30 సంచుల ధర పోగొట్టుకుంటున్నారు. కార్డుల వడ్డీ ఇందులో కలపనే లేదు. దీన్ని రెట్టింపు చేయడానికా రుణం?

సందర్శనలు నాలుగు రెట్లకు దగ్గరగా పెరిగాయని సంతోషించకండి. అప్పట్లో వెయ్యి సందర్శనలకు దాదాపు 27 ఆర్డర్లు, ఇప్పుడు 10. సందర్శన అంటే మనిషి కూడా కాదు. వెబ్‌సైటు సందర్శనలను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో మామూలు అమరికలో 30 నిమిషాలు కదలిక లేకపోతే ఆ సందర్శన ముగిసినట్టే. అదే మనిషి మళ్లీ వస్తే ఇంకొకటి చేరుతుంది.

పెద్ద సంస్థలూ ఇక్కడ పొరబడ్డాయి. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే, తన పేరుతో వెతికేవారికి చూపించే ప్రకటనలను అమెరికాలో యాహూ, ఎంఎస్‌ఎన్ అనే సెర్చ్ సైట్లలో ఆపి చూసింది. ఆ ప్రకటనల మీద నొక్కవలసినవారు దాదాపు అందరూ కింద ఉచితంగా కనిపించే ఫలితం మీద నొక్కి వచ్చేశారు. 2015లో అచ్చయిన పరిశోధన పత్రంలో ఈ వివరాలున్నాయి. ఈబే అందరికీ తెలిసిన పేరు, మీది కాదు. కాబట్టి మీకూ అదే ఫలితం వస్తుందని అనను. కానీ ఆపి చూడడమనే పద్ధతి మీకూ పనికొస్తుంది.

నాలుగు వారాలు ప్రకటనలన్నీ ఆపండి. ఒక వారం చూసి నిర్ణయానికి రావద్దు. నెలకు వంద ఆర్డర్ల వ్యాపారంలో వారానికీ వారానికీ హెచ్చుతగ్గులు సహజం. పండుగలు, సెలవుల సీజన్ లేని నెల చూసుకోండి. రోజూ ఎన్ని ఆర్డర్లు, అందులో కొత్తవారు ఎందరు, తిరిగి వచ్చినవారు ఎందరు అన్నది నోటు పుస్తకంలో రాసుకోండి. డ్యాష్‌బోర్డును నమ్మకండి, మీ బ్యాంకు ఖాతాలో జమ అయినదాన్ని నమ్మండి. ప్రకటనల ద్వారా వచ్చిన కొత్తవారు మళ్లీ మళ్లీ కొంటారని మీరు అనవచ్చు. కొనవచ్చు కూడా. కానీ వచ్చే ఏడాది రాబోయే ఆర్డరు ఈ నెల కార్డు బిల్లు కట్టదు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన మాట మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో ఉంది: ‘దాచుకున్న డబ్బూ అయిపోయింది’. ఇద్దరు పిల్లలు, ఒక్క సంపాదన, చేతిలో అత్యవసర నిధి లేదు. రేపు మీకు పది రోజులు జ్వరం వస్తే సంచులు కుట్టేదెవరు? ఆ నెల ఇల్లు గడిచేది మళ్లీ కార్డు మీదేనా? నెల జీతం వచ్చేవారికి ఆరు నెలల ఖర్చు చాలునంటాను. ఆదాయం ఊగిసలాడే మీలాంటివారికి తొమ్మిది నెలలకు తక్కువ ఒప్పుకోను. ఇది వ్యాపారం ఖాతాలో ఉండకూడదు. మీ పేరుతో వేరే ఖాతాలో, సరుకు కొనడానికి కూడా ముట్టుకోకుండా ఉండాలి. ప్రకటనలు ఆపితే మిగిలే 30 సంచుల ధరలో ముందుగా ఒక నెల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఆ తరువాత మొత్తం ఎక్కువ వడ్డీ ఉన్న కార్డుకు కట్టండి. కార్డులు తీరాక అదే సొమ్మును తొమ్మిది నెలల ఖర్చు జమయ్యే దాకా నిధికే మళ్లించండి. అది పూర్తి కాకముందు ప్రకటనల మాట ఎత్తవద్దు.

కార్డుల బాకీ తీర్చడానికి మాత్రమే, వడ్డీ స్పష్టంగా తక్కువైతే, రుణం ఆలోచించవచ్చు. దానితో పాటు ఆ మూడు కార్డులు మూసేయాలి. టర్మ్ పాలసీ (జీవిత బీమా), కుటుంబ ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

మరో రోజు ఆలస్యం చేయకుండా ప్రకటనల ఖాతాల్లోకి వెళ్లి కార్డు వివరాలు తొలగించండి. ఆ ఖాతాలు ఒక పరిమితి దాటగానే కార్డు నుంచి వాటంతట అవే డబ్బు తీసుకుంటాయి. నాలుగు వారాల తరువాత మీ నోటు పుస్తకంలోని అంకెలతో మళ్లీ రాయండి.