పచ్చని నేల కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: కడపలో ఇల్లు కడుతున్నాం. 900 చదరపు అడుగులకు నేల వేయాలి. పర్యావరణానికి మంచిదని మా అబ్బాయి వెదురు ఫ్లోరింగ్ వేద్దామంటున్నాడు, అడుగుకు రూ.320 చెప్పారు. మావారు విట్రిఫైడ్ టైల్స్ అంటున్నారు, కూలీతో రూ.110. కొత్త నాపబండలైతే పాలిష్‌తో కలిపి రూ.85. మా అత్తగారేమో పడగొట్టబోతున్న పాత మిద్దెలోని బండలే తెచ్చి వేసుకోమంటున్నారు. చేతిలో లక్ష ఉంది. వెదురు కోసం హోమ్ లోన్ మీద 9 శాతం వడ్డీకి ఇంకో 2 లక్షలు టాపప్ తీసుకోవచ్చా?
– ఒక టీచర్, కడప

జవాబు: వద్దమ్మా, తీసుకోకండి. 15 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు రూ.2,030 కిస్తీ. మొత్తం తీరేసరికి ఆ 2 లక్షలకు మీరు కట్టేది దాదాపు రూ.3.65 లక్షలు. ఇప్పటికే ఇంటి కిస్తీ కడుతున్న జీతం మీద ఈ భారం ఎందుకు?

మీ అబ్బాయి ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చింది. వెదురు నరికినా నాలుగైదేళ్లలో మళ్లీ పెరుగుతుంది, ఆ మాట నిజం. అయితే నేలకు వేసే పలక కావాలంటే వెదురును చీల్చి, జిగురుతో అతికించి, గట్టిగా ఒత్తాలి. కొన్ని జిగుర్లలో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉంటుంది, ఇంట్లో గాలికి అది మంచిది కాదు. పైగా మన ఎండలకు వెదురు పలక కుంచించుకుని, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. రోజూ బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టే ఇళ్లు మనవి. మీవారి టైల్స్ గట్టివే గానీ, 1,200 డిగ్రీల వేడిలో కాల్చినవి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తే వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీలో రావాలి.

నా ఓటు మీ అత్తగారికే. పాత బండ కోసం ఇప్పుడు కొత్తగా గని తవ్వక్కర్లేదు. ఒక్కో బండనూ రూపాయి బిళ్లతో కొట్టి చూడండి. ఖంగుమంటే తెచ్చుకోండి. డొల్లగా మోగితే లోపల పొర విడిచినట్టు, వదిలేయండి. విప్పడానికి, ట్రాక్టరుకు, మళ్లీ పాలిష్‌కు ఎంతవుతుందో మేస్త్రీతో ముందే రాయించుకోండి. అన్నీ కలిపి అడుగుకు రూ.85 దాటకపోతే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు.

తక్కువ పడినవి ఎర్రగుంట్లలోనో బేతంచెర్లలోనో కొనండి. ముక్కలు పోతాయి కాబట్టి 10 శాతం ఎక్కువ తీసుకోవాలి. మొత్తం కొత్త బండలే కొన్నా రూ.76,500, ఆ పదో వంతు కలిపితే సుమారు రూ.84,000. మీ లక్షలోనే అయిపోతుంది. కొత్త బండకూ పర్యావరణ ఖర్చు ఉంది. గని దుమ్ము, కోత మిషన్ల దగ్గర కుప్పలు పడే తెల్లటి బురద మన జిల్లాల్లో చూస్తూనే ఉన్నాం. అందుకే పాతవి ముందు, కొత్తవి తర్వాత అంటున్నాను.

ఈ రాయికి పులుపు పడదు, అది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో బాత్రూమ్ గడప దగ్గర యాసిడ్ చిందింది. బుసబుసమని నురగ వచ్చి, తుడిచేలోగా అరచేతి అంత మచ్చ పడింది. పన్నెండేళ్లయినా అది అలాగే ఉంది. నాపరాయి అంటే సున్నపురాయే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసే ఉంటారు. కాస్త ఆమ్లగుణం ఉన్న నీరు వేల ఏళ్లు పారి ఆ సున్నపురాతిని అలా తొలిచింది. వంటింట్లో చింతపండు పులుసుకు, నిమ్మరసానికి అంతకాలం అక్కర్లేదు. వంటింటికి, బాత్రూమ్‌కు మీవారి టైల్సే వేయించండి. ఆ కాస్త చోటికి రేటు తేడా పెద్దగా తెలియదు. మిగతా గదులకు తడి, మరకలు ఇంకకుండా ఆపే సీలర్ పూత కొట్టించి, సబ్బునీళ్లతో తుడిస్తే చాలు.

అబ్బాయి నొచ్చుకుంటే ఈ లెక్క చెప్పండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్ పలకలకు రూ.78,000 సబ్సిడీ ఉంది. నెలకు సుమారు 300 యూనిట్ల కరెంటు వస్తుంది. వెదురు నేల నెలనెలా మీకు ఏమీ తిరిగివ్వదు, ఇది కరెంటు బిల్లు తగ్గిస్తుంది. ఇంట్లోకి దిగి, ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాక దాని సంగతి చూడండి. ఈలోపు మేడ మీద రోజంతా నీడ పడని చోటు ఎంతుందో వాడినే టేపు పెట్టి కొలవమనండి.