విటుడా, రూపాజీవుడా?

సందేహం: 1968లో పాల్ మారిసీ దర్శకత్వంలో ఆండీ వార్హోల్ నిర్మించిన ‘ఫ్లెష్’ సినిమా మీద వ్యాసం రాస్తున్నాను. న్యూయార్క్ వీధుల్లో మగవాళ్ళకు ఒళ్ళమ్ముకునే జో అనే యువకుడి కథ అది. అతణ్ణి ‘విటుడు’ అని రాశాను. మిత్రుడు తప్పన్నాడు, ‘పురుష వేశ్య’ అనమన్నాడు. ఏది సరి? పెద్ద స్టూడియోలకు దూరంగా తీసే ఇలాంటి ‘అండర్‌గ్రౌండ్ సినిమా’ను ‘భూగర్భ చిత్రం’ అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు సగం నిజం చెప్పారు. ‘ముగ్గురు విటుల అరెస్టు’ అని పత్రికలు రాస్తున్నది డబ్బిచ్చి వెళ్ళేవాళ్ళ గురించి. జో డబ్బు పుచ్చుకునేవాడు. కాబట్టి నేటి వాడుకలో ‘విటుడు’ అంటే అర్థం తలకిందులవుతుంది. కానీ పాత విటుడు వేరు. వాత్స్యాయనుడు అతణ్ణి ‘భుక్తవిభవుడు, సకలత్రుడు’ అన్నాడు. అంటే ఉన్న సంపదంతా అనుభవించేసినవాడు, ఇంట్లో భార్య ఉన్నవాడు, వేశవాటికనూ గోష్ఠులనూ నమ్ముకుని బతికేవాడు. జోకూ భార్య ఉంది. తన స్నేహితురాలి గర్భస్రావానికి డబ్బు కావాలని అతణ్ణి వీధిలోకి పంపేది ఆవిడే. పోలిక అంతవరకే. అనుభవించి పోగొట్టుకోవడానికి జో దగ్గర మొదటినుంచీ ఏమీ లేదు.

‘పురుష వేశ్య’ నాకు బొత్తిగా రుచించదు. స్త్రీలింగ శబ్దానికి ముందు ‘పురుష’ తగిలించి పని అయిందనుకోవడం ఈ మధ్య పట్టుకున్న తొందర. పైగా వేశ్య అన్న పేరు వేశాన్ని బట్టి వచ్చింది. ‘వేశో వేశ్యాజనసమాశ్రయః’ అని అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం. వేశమంటే వాళ్ళుండే చోటు. జోకు అలాంటి చోటేదీ లేదు, ఉన్నది వీధి అంచున కాలిబాట.

అదే అమరకోశంలో వేశ్య పక్కనే ఒక చక్కని మాట ఉంది, మనవాళ్ళు దాన్ని మూలన పడేశారు. ‘వారస్త్రీ గణికా వేశ్యా రూపాజీవా’. ఆజీవమంటే జీవనోపాధి, రూపమే ఆజీవంగా గలది రూపాజీవ. చోటును బట్టి కాదు, నీతిని బట్టీ కాదు, కేవలం బతుకుతెరువును బట్టి పెట్టిన పేరు. అమరంలో ఈ ‘ఆజీవ’ కుటుంబం పెద్దది. మేకలు కాచుకుని బతికేవాడు అజాజీవుడు, రంగులతో బతికే చిత్రకారుడు రంగాజీవుడు. ఈ వరసలో ‘రూపాజీవుడు’ అంటే వ్యాకరణం అడ్డుచెప్పదు.

మీ సినిమా ఈ మాటకు ఎంత ఒదుగుతుందో చూడండి. ఒక ముసలి కళాకారుడు జోకు డబ్బిచ్చి, ప్రాచీన గ్రీకు శిల్పాల భంగిమల్లో నగ్నంగా నిలబెడతాడు. అక్కడ అతను అమ్మేది అచ్చంగా రూపాన్నే. రంగాజీవుడూ రూపాజీవుడూ ఎదురెదురుగా ఉన్న ఘట్టమది. నిర్మాత వార్హోల్ కూడా చిత్రకారుడే కదా! అమరసింహుడి రెండు మాటలు అంత దూరాన ఒకే గదిలో కలుసుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది.

‘వెలయాలు’ (వెల + ఆలు) అచ్చతెలుగు అందమే గానీ, దానికి వాడుకలో పుంలింగం లేదు. ‘వ్యభిచారి’ మాత్రం వద్దు. అది దారి తప్పినవాడనే తీర్పు, వృత్తి పేరు కాదు. జో నేలమీద కూర్చుని పసిబిడ్డకు కేకు తుంచి తినిపించే దృశ్యం చూశాక ఆ తీర్పు చెప్పడానికి నాకైతే నోరు రాదు.

‘రూపాజీవుడు’ అందరికీ ఒక్కసారిగా అందే మాట కాదని ఒప్పుకుంటాను. మొదటిసారి వాడినచోట ‘ఒళ్ళమ్ముకుని బతికే కుర్రవాడు’ అని విప్పి చెప్పండి. మీ పాఠకులకు అదీ బరువనిపిస్తే ఆ విప్పిన మాటనే చివరిదాకా వాడినా తప్పు పట్టను.

ఇక ‘భూగర్భ’ శబ్దాన్ని జలాలకూ గనులకూ వదిలేయండి. ‘అజ్ఞాత చిత్రం’ కూడా కుదరదు. ఆ సినిమా న్యూయార్క్‌లో బహిరంగంగానే ఆడింది, 1970లో లండన్‌లో పోలీసులు దాడి చేసిందీ ప్రదర్శనశాల మీదే. ‘అండర్‌గ్రౌండ్ సినిమా’ అనే ఉంచండి.