డక్ట్ టేపుతో చేసిన పర్సు, సంచి, బెల్టు నిజంగా వాడుకోవచ్చా?

పదమూడేళ్ల మీ అబ్బాయి డక్ట్ టేపుతో పర్సు, బెల్టు, సంచి చేస్తానని పట్టుబట్టాడని రాశారు. ఏ టేపు కొనాలి, కత్తెరకు జిగురు పట్టకుండా ఏం చేయాలి, చేసినవి వాడుకోవడానికి పనికొస్తాయా లేక అలమరాలో పెట్టుకుని చూసుకోవడానికేనా అని అడిగారు. చివరిదానికి ముందు జవాబు చెప్తాను. వాడుకోవచ్చు. ప్రస్తుతం నా జేబులో ఉన్న పర్సు టేపుదే, ఏడాది పైనే అయింది. మా చెల్లెలు గొడుగు, నీళ్ల సీసా వేసుకుని తిరిగే సంచి కూడా నేను చేసిందే. అలాగని ఏది చేసినా నిలుస్తుందని కాదు. ఈ పనిలో అతికించడం ఎవరైనా చేస్తారు. జిగురు గీత ఎక్కడా బయటికి కనబడకుండా మూసేయడంలోనే ఉంది కష్టమంతా. కింద నేను చెప్పేవన్నీ చాలావరకు దాని గురించే.

ముందు టేపు సంగతి. డక్ట్ టేపులో మూడు పొరలుంటాయి. పైన పాలిథిన్, మధ్యలో పలుచని నూలు వల, అడుగున రబ్బరు జిగురు. ఆ వలలో పడుగు, పేక రెండూ ఉంటాయి కాబట్టే అడ్డంగా లాగితే చేత్తోనే సాఫీగా చిరుగుతుంది, పొడుగునా లాగితే గట్టిగా ఆగుతుంది. ఇది కావాలని చేసిన ఏర్పాటే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలోని ఇలినాయ్‌లో ఒక ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసిన వెస్టా స్టౌట్ అనే ఆవిడ, తూటాల పెట్టెలకు కాగితం టేపు బదులు తడికి తట్టుకునే గట్టి గుడ్డ టేపు వాడమని 1943లో నేరుగా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాసింది. పెట్టె తెరవడానికి పట్టి లాగే కాగితం టేపు తోక ఊడొస్తే సైనికుడు తంటాలు పడాల్సి వచ్చేది. ఆవిడ ఇద్దరు కొడుకులు నేవీలో ఉన్నారు, అదీ ఆవిడ ఆత్రం. చేత్తో చిరగడం, తడికి తట్టుకోవడం అనే ఆ రెండు గుణాలే ఈ రోజు మీ అబ్బాయికి పనికొస్తాయి.

కొనేటప్పుడు ఒక చిన్న ముక్క చింపి చూడండి. చిరిగిన అంచు దగ్గర సన్నని దారాలు కనబడాలి. దారాలు లేకుండా ప్లాస్టిక్ కవరులా సాగితే అది పేరుకే డక్ట్ టేపు, వదిలేయండి. వెండి రంగులో మెరిసే అల్యూమినియం ఫాయిల్ టేపు వేరే సరుకు. నాలుగుసార్లు మడిస్తే పగులుతుంది, అంచులు వేలికి కోసుకుంటాయి. అన్నట్టు, మామూలు డక్ట్ టేపు వెండి రంగు కేవలం రంగే. లోపల లోహపు పొర ఏమీ ఉండదు కాబట్టి మెషీన్‌కు దగ్గరగా పెడితేనే డబ్బు చెల్లించే బ్యాంకు కార్డు సిగ్నల్‌ను ఆపేస్తుందని ఆశ పెట్టుకోకండి. స్టేజీ మీద వైర్లు అతికించే గాఫర్ టేపు అని ఇంకోటి ఉంటుంది. మెరవదు, గుడ్డలా ఉంటుంది, తీసినప్పుడు జిగురు మరక పెద్దగా వదలదు. ఖరీదెక్కువ. నేను దాన్ని పర్సు మడత దగ్గర ఒక్క పట్టీ వేయడానికే వాడతాను.

ఇక అసలు పని, అంటే టేపుతో "గుడ్డ" తయారు చేసుకోవడం. బల్ల మీద బేకింగ్ పేపర్ పరవండి, లేదంటే గాజు పలక మీద చేయండి. మామూలు టేపు వెడల్పు 48 మిల్లీమీటర్లు. 22 సెంటీమీటర్ల ముక్కలు అయిదు తీసుకుని, జిగురు కిందికి ఉండేలా, ఒకదాని అంచు మీదికి ఇంకోటి 6 మిల్లీమీటర్లు ఎక్కేలా వరసగా అంటించండి. దాదాపు 21న్నర సెంటీమీటర్ల ఎత్తు పలక వస్తుంది. దాన్ని మెల్లగా లేపి తిరగేసి, జిగురు వైపు పైకి పెట్టి, దాని మీద రెండో వరస ముక్కలు అంటించాలి. రెండో వరస అతుకులు మొదటి వరస అతుకుల మీద పడకూడదు. సగం జరిపి వేస్తే మెత్తగా మడిచే పలక వస్తుంది, అడ్డంగా వేస్తే బిరుసుగా వస్తుంది. పర్సుకు మొదటిది, పెన్సిల్ పెట్టెకు, సంచి అడుగుకు రెండోది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చుట్ట నుంచి టేపును లాగినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. సాగినప్పుడే అంటిస్తే, రాత్రికి రాత్రి అది తన పొడవుకు తిరిగి వచ్చేస్తుంది, పలక చివరలు పైకి ముడుచుకుంటాయి, అంచున ఒక సన్నని జిగురు గీత బయటపడుతుంది. కావలసినంత టేపు లాగి, కోసి, ఒక్క క్షణం చేతిలో వదులుగా వేలాడనిచ్చి, అప్పుడు అంటించండి. ఒక చివర ఆనించి, రెండో చివరను గట్టిగా పట్టి లాగకుండా, వేలితో మధ్య నుంచి బయటికి నొక్కుతూ పోవాలి. గాలి బుడగ పడితే పిన్నుతో పొడిచి ఒత్తేయండి. పీకి మళ్లీ అంటించాలని చూస్తే పాలిథిన్ నలుగుతుంది, మచ్చ పోదు.

అంచు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎంత జాగ్రత్తగా కోసినా రెండు పొరల మధ్య జిగురు గీత ఉంటుంది. అక్కడ దుమ్ము, బట్టల పీచు చేరి వారంలో నల్లటి చార అవుతుంది. జేబుల నోటి దగ్గర, సంచి పై అంచున 24 మిల్లీమీటర్ల వెడల్పు సగం పట్టీ వేసి, సగం ముందుకు, సగం వెనక్కి మడిచేయండి. చీర అంచు మడిచి కుట్టినట్టు అన్నమాట. ఈ ఒక్క పని చేసిన వస్తువును, చేయని వస్తువును పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కొన్నదిలా, ఇంకోటి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది.

పర్సుకు అలాంటి పలకలోంచి 10 సెంటీమీటర్ల ఎత్తున్న రెండు ముక్కలు కోయండి. అన్ని కొలతలూ ముందు మీ దగ్గరున్న నోటుతో, కార్డుతో సరిచూసుకోండి. కార్డు ఏ దేశంలోనైనా 85.6 బై 54 మిల్లీమీటర్లే. నోట్ల సంగతి అలా కాదు. లోపలి ముక్క బయటి దానికన్నా 5 మిల్లీమీటర్లు తక్కువ పొడవుండాలి. పర్సు మూసినప్పుడు లోపలి ముక్క తిరిగే వంపు చిన్నది, రెండూ సమానంగా ఉంటే లోపల గుడ్డ ఉబ్బి పర్సు మూసుకోదు. కింది అంచు అతికించాక, ఒక పక్క మూసి, పర్సును సగం మడిచి పట్టుకునే రెండో పక్క మూయండి. కార్డుల జేబులు 95 మిల్లీమీటర్ల వెడల్పుతో, ఒకదాని నోరు ఇంకోదానికన్నా పైకి ఉండేలా మెట్లు మెట్లుగా పెట్టండి. నాలుగు జేబులతో కలిపి పర్సుకు నాలుగు మీటర్ల పైచిలుకు టేపు పడుతుంది. రంగుల చుట్టలు తరచుగా 9 మీటర్లవే వస్తాయి కనుక, మొదటిసారి వృథాతో కలిపి ఒక చుట్ట ఒక పర్సుకే అయిపోయిందని మీరు అవాక్కవకండి.

సంచి దగ్గర లెక్క మారుతుంది. టేపు జిగురు పక్కకు జారే బరువును బాగా ఆపుతుంది, పైకి లేపే బలాన్ని ఆపలేదు. గోడకు అంటించిన టేపును కిందికి లాగితే ఊడదు, ఒక చివర పట్టి మీదికి ఎత్తితే వచ్చేస్తుంది, అంతే. అందుకే సంచి హ్యాండిల్‌ను పై అంచుకు అతికిస్తే నెల తిరక్కుండా వదులైపోతుంది. హ్యాండిల్ పట్టీని సంచి అడుగు చుట్టూ తిప్పి తెచ్చి, రెండు వైపులా పై దాకా అతికించండి. బరువు అప్పుడు టేపు పొడవునా నడుస్తుంది. చేత్తో పట్టుకునే భాగాన్ని మడిచి గుండ్రంగా చుట్టండి, లేకపోతే అంచులు వేళ్లకు కోసుకుంటాయి. మా చెల్లెలి సంచికి హ్యాండిల్ లోపల ఒక నూలు తాడు పెట్టాను. చూసినవాళ్లకు తెలియదు, దాని ఆయుష్షు మాత్రం ఆ తాడులోనే ఉంది.

బెల్టుకు కూడా అదే సలహా: మధ్యలో నవారు పట్టీ పెట్టి చుట్టూ టేపు వేయండి. రంధ్రాలు పొడిచే బెల్టు వద్దు. పాలిథిన్ రోజూ లాగుడు మీద ఉంటే మెల్లగా సాగుతుంది, గుండ్రటి రంధ్రం గుడ్డు ఆకారంలోకి పోతుంది. డీ ఆకారపు రింగులు రెండు పెట్టి, పట్టీని వాటిలోంచి దూర్చి బిగించుకునే రకం చేయండి. సైజు సమస్య కూడా ఉండదు.

కత్తెర విషయం: జిగురు పట్టకుండా ఆపలేరు, పట్టాక తుడవగలరు. దూదితో కాస్త వంటనూనె రాసి, తర్వాత స్పిరిట్‌తో తుడిస్తే శుభ్రంగా వస్తుంది. నూనె తడి ఉన్న కత్తెరతో మళ్లీ టేపు కోయకండి, కోసిన చోట టేపు అంటుకోదు. నేను కత్తెర బాగా తగ్గించేశాను. కటింగ్ మ్యాట్, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు. ఒకేసారి గట్టిగా నొక్కకుండా రెండు మూడుసార్లు తేలిగ్గా గీస్తే అంచు పీచు లేకుండా వస్తుంది. మీ అబ్బాయి వయసుకు బ్లేడు పని మీరు పక్కన ఉన్నప్పుడే చేయనివ్వండి.

అంటించే చోటు దుమ్ము లేకుండా తుడవడం మరవకండి. 1972లో అపోలో 17 యాత్రలో చంద్రుడి మీద రోవర్ బండి చక్రపు మడ్‌గార్డ్ విరిగితే టేపుతో అతికించారు. అక్కడి దుమ్ము వల్ల ఆ అతుకు ఊడిపోయింది. చివరికి నాలుగు మ్యాపులను టేపుతో కలిపి పలకలా చేసి, క్లాంపులతో బిగించాల్సి వచ్చింది. మన బల్ల మీద పీచు, పెంపుడు పిల్లి బొచ్చు చాలు అదే పని చేయడానికి.

వేడి దీనికి పరమ శత్రువు. 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీ పరిశోధకులు గాలి గొట్టాల అతుకులకు వాడే రకరకాల టేపులు, మాస్టిక్‌లను (ముద్దలా పూసే అతుకు పదార్థాలు) వేడి, చలి మార్చి మార్చి పరీక్షించారు. గొట్టాల పేరే పెట్టుకున్న (డక్ట్ అంటే గాలి గొట్టమే) గుడ్డ డక్ట్ టేపు వాటిలో ఘోరంగా విఫలమైంది. పర్సును ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే జిగురు కరిగి అంచుల్లోంచి బయటికి వస్తుంది, నోట్లు అంటుకుంటాయి. వాషింగ్ మెషీన్ సంగతి చెప్పక్కర్లేదు. మురికైతే తడిగుడ్డతో తుడవండి చాలు. వెనక జేబులో పెట్టుకుని దాని మీద కూర్చునే అలవాటుంటే ముందు జేబుకు మార్చుకోమనండి.

ఒంటికి తగిలేవాటి గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంది. జిగురు వైపు చర్మానికి ఎప్పుడూ తగలకూడదు. ఈ జిగుర్లలో రబ్బరు, కొన్నిట్లో రోజిన్ అనే చెట్టు బంక ఉంటాయి, కొందరికి అవి పడక దద్దుర్లు వస్తాయి. చేతి పట్టీ చేస్తే రెండు పొరలుగా, వదులుగా, టిచ్ బటన్‌తో చేయండి. గాలి ఆడదు కాబట్టి టేపు టోపీలు, కోట్లు వేసుకుంటే ఉక్క. మీ అబ్బాయి చూసిన టేపు గౌన్ల ఫొటోలు బహుశా అమెరికాలో డక్ బ్రాండ్ వాళ్లు 2001 నుంచి స్కూలు పిల్లలకు పెడుతున్న పోటీవి అయ్యుంటాయి. ఆ పనితనం చూస్తే నాకూ నోరు తెరుచుకుంటుంది. కానీ అవి ఒక సాయంత్రం వేసుకోవడానికి చేసినవి.

మొదటి వస్తువుగా నేనైతే పర్సు చెప్పను. పెన్ను మీద గులాబీ చేయించండి. 48 మిల్లీమీటర్ల చదరపు ముక్క, జిగురు పైకి. పై మూల ఒకదాన్ని ఏటవాలుగా కిందికి మడవాలి, అడుగున ఒక వేలి మందాన జిగురు కనబడుతూ మిగలాలి. రెండో మూల కూడా అలాగే మడిస్తే పైన మొన, అడుగున జిగురు పట్టీ ఉన్న రేక తయారవుతుంది. దాన్ని పెన్ను చివర చుట్టండి. తర్వాతి రేకను మొదటిదాని అతుకు మీద నుంచి మొదలుపెట్టి, కొంచెం వదులుగా, కొంచెం కిందికి. పదిహేను, ఇరవై రేకలకు పువ్వు విచ్చుకుంటుంది. చివర ఆకుపచ్చ పట్టీ ఒకటి అడుగున చుట్టేస్తే జిగురంతా లోపలే ఉండిపోతుంది. టేపు లాగకుండా అంటించడం, కొలత కోయడం, జిగురు దాచడం, మూడూ చేతికి అలవాటవుతాయి. చెడిపోతే పోయేది మహా అయితే ఒక మీటరు టేపు.

మిగిలిన చుట్టను పక్కకు పడుకోబెట్టకండి. జిగురు అంచు బల్లకు అంటుకుని దుమ్మంతా లాగేస్తుంది, తర్వాత ఆ అంచే మీ పర్సు అంచవుతుంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి, చల్లటి చోట నిలబెట్టి ఉంచండి.