సోమవారం షూ జోలికి వెళ్లకు

నాన్నా,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. 18 వారాలు, వారానికి ఆరు రోజులు పరుగు, ఏడో రోజు ‘వీలైతే విశ్రాంతి’. ముందు ఆ ‘వీలైతే’ కొట్టేయ్. మొదటి మారథాన్‌కి వారంలో నాలుగు రోజుల పరుగు చాలు. క్యాలెండర్‌లో ముందు విశ్రాంతి రోజులు రాసుకో, మిగిలిన వాటిలో పరుగు సర్దుకో. ఆదివారం లాంగ్ రన్ కదా, సోమవారం పూర్తిగా సెలవు. శనివారం కూడా ఖాళీగా ఉంచితే కాళ్లు తేలిగ్గా ఉంటాయి.

నీకిప్పుడు దమ్ము బాగా అందుతోంది, అందుకే ఆగబుద్ధి కావట్లేదు. చిక్కంతా అక్కడే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడిపోతాయి. ఎముకలకు నెలలు పడుతుంది. పైగా కొత్త ఒత్తిడి పడగానే ఎముక వెంటనే గట్టిపడదు. శరీరం ముందు దెబ్బతిన్న చోట తవ్వి తీసేస్తుంది, తరవాతే అక్కడ కొత్త ఎముక పోస్తుంది. తవ్వడం కొన్ని వారాల పని, పూడ్చడం నెలల పని. ఆ మధ్యకాలంలో అది మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. అప్పుడు తెరిపి ఇవ్వకుండా బాదితే సన్నగా చిట్లుతుంది.

నాకు జరిగింది అదే. రేసు ఇంకా ఐదు వారాలుందనగా ఒక గురువారం పరుగు తప్పిపోయింది. ఆదివారం 28 కిలోమీటర్లు పరిగెత్తి కూడా, ఆ బాకీ సోమవారం తీర్చేశాను. మోకాలి కింద, లోపలి వైపు సలుపు మొదలైంది. అదే పోతుందిలే అని పది రోజులు లాక్కొచ్చాను. ఒకరోజు స్నానం చేస్తూ కాలికి సబ్బు రాస్తుంటే, ఒక్క చోట వేలు ఆనగానే ప్రాణం జివ్వుమంది. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆ ఒక్క సోమవారం వల్లే చిట్లిందనను, అంతకుముందు అలాంటి సోమవారాలు చాలానే ఉన్నాయి. రేసు రోజు మాత్రం ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

అందుకే చెబుతున్నా, తప్పిపోయిన పరుగు తప్పిపోయినట్టే వదిలేయ్. కాలి నొప్పి ఎముక పొడవునా పరుచుకుని ఉంటే పరుగు తగ్గించి చూడు. ‘ఇదిగో ఇక్కడే’ అని వేలితో చూపించగలిగితే మాత్రం పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

సెలవు రోజున కాసేపు నడువు, తప్పు లేదు. పరుగు లేదు కదా అని జిమ్‌లో స్క్వాట్లు చేస్తే అది విశ్రాంతి కాదు. తిండి కూడా తగ్గించకు. లాంగ్ రన్‌లో కండరాల్లో ఖాళీ అయిన గ్లైకోజెన్, అంటే కండరాలు దాచుకునే ఇంధనం, మళ్లీ నిండటానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అది నిండేది నువ్వు తిన్నదానితోనే. పొద్దున మంచం దిగకముందే నాడి చూసుకో. నీ మామూలు లెక్క కంటే ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంటే, ప్లాన్‌లో ఏం రాసి ఉన్నా ఆ రోజు ఆగు.

ప్రతి నాలుగో వారం మొత్తం దూరంలో పావు వంతు తగ్గించు. చివరి రెండు మూడు వారాల్లో ఎలాగూ తగ్గించాలి. అప్పుడు లేనిపోని టెన్షన్ పట్టుకుంటుంది, నేర్చుకున్నదంతా కరిగిపోతోందని అనిపిస్తుంది. వారం రోజులు ఆగినంత మాత్రాన ఇన్నాళ్ల కష్టం ఎక్కడికీ పోదు, నన్ను నమ్ము.

ప్లాన్ మళ్లీ రాసి పంపు. సోమవారం గడులన్నీ ఖాళీగా కనిపించాలి నాకు.

పెద్దమ్మ